చంద్రవంశపు కోడలు, నిమ్మలకుంట తోలుబొమ్మ

జూదపు సభకు ఈడ్చుకొచ్చిన నాడు ద్రౌపది బయటుంది. ఒంటి మీద ఒక్కటే బట్ట. ఆ సంగతి ఆమె దాచుకోలేదు. తాను రజస్వలనని, ఒంటిబట్టతో పెద్దల ముందుకు రాలేనని దుశ్శాసనుడికి నోరు విప్పి చెప్పింది. సభాపర్వంలోని మాట ఇది. నన్నయ తెనిగించిన పర్వాల్లో అదీ ఒకటి కాబట్టి వెయ్యేళ్లుగా తెలుగువాళ్లకు తెలిసిన మాట.

ఆ సభలో కొలువుదీరినది చంద్రవంశం. చంద్రుడి కొడుకు బుధుడు, బుధుడి కొడుకు పురూరవుడు, ఆ తర్వాత యయాతి, పూరుడు, భరతుడు, కురువు. నెలనెలా తరిగి, మళ్లీ నెలనెలా నిండే వాణ్ణి మూలపురుషుడని గర్వంగా చెప్పుకునే ఇల్లు అది. ఆ ఇంటికి వచ్చిన కోడలికి నెలలో మూడు రోజులు తన మానాన తాను ఉండే చోటు మాత్రం దక్కలేదు. కావ్యంలో చదివినప్పటి కంటే, అనంతపురం సీమ తోలుబొమ్మలను దగ్గరగా చూశాకే ఈ విషయం నాకు గట్టిగా తగిలింది. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోని ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, నేలా గాలీ అనంతపురానివే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే అదే మంచి ఏడు అనుకునే పీఠభూమి. వేరుశనగ ఎండిపోయిన ఏట కూడా మేకలు ఎలాగో బతికే చోట, మేకతోలు మీద బతికే కళ ఉండటంలో వింతేమీ లేదు. ఇక్కడి బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకుంటాయి, తెర వెనక తెలుగు పద్యం పాడతాయి. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరి పేరు దేశమంతా వినబడింది. అంతకు చాలా ముందు నుంచే చుట్టుపక్కల పల్లెలకు వీళ్లు కావలసినవాళ్లు. వాన మొహం చాటేస్తే భారతం చెప్పించడం, ముఖ్యంగా విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత నమ్మకం. ఆ పర్వంలో ద్రౌపది సైరంధ్రిగా దాగి ఉంటుంది. అంటే కరువు సీమ వాన కోసం పిలిచిన కథలో నడిమి మనిషి ఈ కోడలే.

ఇక బొమ్మ సంగతి. తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుక పోయేదాకా, లోపలి పొర పోయేదాకా గీకుతారు. లాగి మేకులు కొట్టి ఎండలో ఆరబెడతారు. ఈ మెట్టు దగ్గర తొందరపడితే బొమ్మ పనికిరాదు. మందం మిగిలిపోతే వెలుతురు దాటదు, మరీ గీకితే ఉలి దెబ్బకు చిరుగుతుంది. చేత్తో పట్టుకుంటే గట్టిగా, దీపానికి అడ్డం పెడితే తేనెరంగులో మెరుస్తూ ఉండాలి. ఆ మీద గీత. తల, భుజాలు, మోచేతులు, నడుము, కాళ్లు విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు, కదలడానికి. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోకెల్లా పెద్దవి. కొన్ని దాదాపు మనిషెత్తు ఉంటాయి. అంత పెద్ద బొమ్మను నిలబెట్టేది మధ్యలో నిలువునా కట్టిన బద్ద ఒక్కటే. చేతులు ఆడించడానికి వేరే పుల్లలు ఉంటాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఉలి పని. తోలును చెక్కదిమ్మ మీద పరిచి, రకరకాల నోళ్లున్న ఉలులతో చిల్లులు కొడతారు. వంపు నోరున్న ఉలి ఒక్క దెబ్బ వేస్తే తోలు మీద విదియనాటి చంద్రుడిలా సన్నని వంపు గీటు పడుతుంది. అదే ఉలిని తిప్పి ఎదురుగా ఇంకో దెబ్బ వేస్తే గుండ్రని ముక్క ఊడి కిందపడుతుంది, పున్నమంత చిల్లు మిగులుతుంది. హారం, వడ్డాణం, చేతి వంకీ, చీర అంచు, రవిక పూలు, అన్నీ ఇలాంటి దెబ్బల వరసలే. నగ అనేది ఇక్కడ పెట్టేది కాదు, తీసేసేది. బంగారం ఉండవలసిన చోట తోలు ఉండదు. ఆ ఖాళీ గుండా దీపం వచ్చి నగ అవుతుంది. పగటి వెలుగులో ఇదే బొమ్మను చూస్తే చిల్లులు పడిన తోలు తప్ప మరేమీ కనబడదు. రాత్రి తెర మీదే ఆమె రాణి.

పోగొట్టుకున్న చోటే వెలుగు రావడం అనే ఈ ఏర్పాటు నన్ను చంద్రుడి దగ్గరికి తీసుకెళ్తుంది. దక్షుడి 27 మంది కూతుళ్లను పెళ్లాడి, రోహిణి ఒక్కతెనే ప్రేమించినందుకు చంద్రుడికి క్షయం శాపంగా తగిలిందని మన కథ. ఆ శాపం పూర్తిగా పోలేదు, పూర్తిగా అంటుకోనూ లేదు. తరుగుతాడు, పెరుగుతాడు. మచ్చ కూడా ఉంది. అయినా అతణ్ణి ఎవరూ బయట కూచోబెట్టలేదు. శివుడు తల మీద పెట్టుకున్నాడు. నెలసరికి మనవాళ్లు చెప్పిన ఇంకో కథ తైత్తిరీయ సంహితలో ఉంది. విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడి పాపాన్ని నేల, చెట్లు, ఆడవాళ్లు మూడు వంతులుగా పంచుకున్నారని, ఆడవాళ్ల వంతుకు ఇది వచ్చిందని. పెద్దమనిషైన పిల్లకు ఈ రెండిట్లో ఏది చెప్పాలో నన్నడిగితే, తడుముకోకుండా చంద్రుడి కథే చెప్పమంటాను. ఎవడో చేసిన పాపపు వంతు అని వినడం వేరు, తరిగి నిండేవాడి వరస అని వినడం వేరు.

రంగుల్లో కూడా ఇలాంటి ఆలోచనే దాగి ఉంది. తోలుబొమ్మకు గోడకు వేసినట్టు మందంగా రంగు పూస్తే దీపం ముందు నల్లగా కనబడుతుంది. అందుకే లోపలికి ఇంకే రంగు కావాలి. వెనకటి చెట్ల రంగులైనా, ఇప్పటి రసాయనపు సిరాలైనా, తోలుకు రెండు వైపులా వేసి ఇంకనిస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఎక్కువ. ఆ ఎరుపు తోలు పైన కూచోదు, తోలులో కలిసిపోతుంది. దీపం దాని గుండా నడిచి వచ్చి తెరను ఎర్రబరుస్తుంది. ఊరందరూ కూచున్న చోట, పిల్లలూ ముసలివాళ్లూ చూస్తుండగా, ఆ ఎరుపు వెలుగుతూ ఉంటుంది.

జుట్టుకు మాత్రం లెక్క మారుతుంది. అది చిక్కని నలుపు, చిల్లులు తక్కువ. బొమ్మంతా వెలుగుతుంటే అసలైన నీడ పడేది అక్కడే. ద్రౌపది కథలో జుట్టు ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. రాజసూయంలో అవభృథస్నానపు నీళ్లతో తడిసిన ఆ జుట్టునే పట్టి లాగారు. సంధికి బయలుదేరిన కృష్ణుడికి ఉద్యోగపర్వంలో ఆమె చూపింది ఆ జుట్టే. దుశ్శాసనుడి నెత్తురు తడిపేదాకా ముడవనన్న శపథాన్ని భట్టనారాయణుడి వేణీసంహార నాటకం నడిమికి తెచ్చింది. ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే పండితుడు 1981లో ద్రౌపది జుట్టు మీదే ఒక పరిశోధన వ్యాసం రాసి, విరబోసిన జుట్టుకూ ఆమె అప్పుడున్న స్థితికీ ముడి ఉందని చూపాడు. మన ఇళ్లలో అమ్మమ్మలకు ఆ వ్యాసం అక్కర్లేదు. నాలుగో రోజు తలకు పోసుకుని జడ వేసుకుంటేనే బయట కూచున్న రోజులు ముగిసినట్టని వాళ్లకు తెలుసు. ఆ లెక్కన ద్రౌపది నాలుగో రోజు పదమూడేళ్ల తర్వాత గానీ రాలేదు. వెలిగే బొమ్మలో నీడపడే ఆ జుట్టు ముద్దను చూస్తుంటే నాకు తోచేది ఇదే.

చీర విషయంలో ఈ కళ చేసిన పని ఇంకే కళా చేయలేదని నా అభిప్రాయం. నాటకంలో నటి ఒళ్లు వేరు, చీర వేరు. అందుకే చీర లాగే ఘట్టం నాటకంలో ఎప్పుడూ చూసేవాళ్లకు ఇబ్బందే. తోలుబొమ్మకు ఒళ్లూ చీరా ఒకే తోలు. కుచ్చిళ్లు గీసింది, అంచు తొలిచింది ఆ చర్మం మీదే. ఆటలో లాగడానికి పైన ఏ గుడ్డ చుట్టినా, కింద నగ్నమైన ద్రౌపది అంటూ ఎవరూ లేరు. ఎంత లాగినా తరగని చీరను కృష్ణుడు ఇచ్చాడంటాడు కవి. ఇక్కడ తోలు గీకిన మనిషే ముందుగా ఇచ్చేశాడు.

గొంతు కూడా చెప్పుకోవాలి. ఈ మేళాల్లో ఇంటిల్లిపాదీ పనిచేస్తారు. ఆడబొమ్మకు ఆడవాళ్లే గొంతునిస్తారు. హార్మోనియం, మృదంగం, తాళాల నడుమ సీతకైనా ద్రౌపదికైనా పలికేది ఒక ఇల్లాలు. తాను బయటున్నానని ఆ బొమ్మ సభలో చెప్పిన మాట మగగొంతులోంచి రాదు. నడివీధిలో తెర కట్టి, ఊరంతా చేరిన చోట ఆడగొంతు అంత తేటగా ఆ మాట అనగలిగిన సందర్భం మన పల్లెల్లో ఇంకొకటి నాకు తట్టడం లేదు.

ఇదే పీఠభూమి అంచున, కర్ణాటక సరిహద్దులో మడకశిర, రొళ్ల వైపు హట్టులనే గొల్లల పల్లెలున్నాయి. అక్కడ ముట్టయిన ఆడవాళ్లను, బాలింతలను ఊరి బయట ఉంచే ఆచారం మన కాలం దాకా నడిచింది. ఎండకు, వానకు, పాముకు, పురుగుకు వాళ్లను వదిలిన ఆచారమది. నేను దాన్ని సంప్రదాయమని గౌరవించలేను. బిడ్డను కన్న మనిషికి చాప, గోడ, వేడినీళ్లు అందకుండా చేసేది ఏదైనా సరే, అది ఆ సభ చేసిన పనికి దగ్గరిదే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో బడి పిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి పనులు ఎంత జరిగినా చాలవు. దానితో పాటు ఆ పిల్లలకు సిగ్గు అంటుకోని మాటలు కూడా కావాలి.

చంద్రుడి పోలికను తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఆడవాళ్ల ఒంటిని చంద్రుడు నడిపిస్తాడని చెప్పడం సరి కాదు. పున్నమి నుంచి పున్నమికి సుమారు 29.5 రోజులు. ఆరు లక్షలకు పైగా రుతుచక్రాలను లెక్కగట్టి 2019లో అచ్చయిన అధ్యయనంలో సగటు 29.3 రోజులు వచ్చింది. వినడానికి భలే దగ్గరగా ఉంది. కానీ సగటు వెనక మనుషులు రకరకాలు. సరిగ్గా 28 రోజులకు వచ్చేవి వందకు 13 మాత్రమే. 2021లో జర్మనీ శాస్త్రజ్ఞులు 22 మంది స్త్రీలు ఏళ్ల తరబడి రాసుకున్న తేదీలు పట్టి చూస్తే, కొందరి చక్రం కొన్నాళ్లు చంద్రుడితో కలిసి నడిచి, మళ్లీ విడిపోతూ కనబడింది. కాబట్టి పిల్ల తన తేదీ అమావాస్యకు రాలేదని కంగారు పడనక్కర్లేదు. క్యాలెండర్ మీద చుక్క పెట్టుకుని తన లెక్క తాను చూసుకోవాలి. మూడు నాలుగు నెలలు లెక్క పూర్తిగా తప్పితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చంద్రుడి లెక్కే సర్దుబాట్లతో నడుస్తుంది కదా. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. అందుకే పంచాంగంలో అధికమాసం. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం నాడు అర్జునుడు అజ్ఞాతవాసపు గడువుకు ముందే బయటపడ్డాడా అన్న గొడవ వచ్చినప్పుడు, భీష్ముడు తీర్చింది ఈ లెక్కతోనే. ఐదేళ్లకు రెండు నెలలు ఎక్కువ వస్తాయని, ఆ చొప్పున పదమూడేళ్లు నిండి ఐదు నెలల పన్నెండు రాత్రులు అదనంగా గడిచాయని చెప్పాడు. ఆనాడు సభలో ద్రౌపది ప్రశ్నకు సరైన జవాబివ్వలేక తడబడిన ముసలాయన, చివరికి చంద్రుణ్ణి లెక్కపెట్టి ఆమె గడువు తీరిందని ఒప్పుకున్నాడు. వాన కోసం చదివించే పర్వంలో ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు.

తెర వెనక ఒక చిన్న కిటుకు ఉంది. బొమ్మను తెరకు ఆనిస్తే ప్రతి చిల్లూ సూదిమొనలా కనబడుతుంది. దీపం వైపు వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై, అంచులు చెదిరి, పలచబడుతుంది. మళ్లీ ఆనిస్తే మళ్లీ నిండుతుంది. కొత్త పాత్ర రావడం, ఉన్నది వెళ్లిపోవడం ఈ కిటుకుతో చేస్తారు. దీనికి యంత్రం లేదు, మణికట్టు నేర్పు ఒక్కటే. మంచి ఆటగాడి చేతిలో బొమ్మ ఎప్పుడు తరిగిందో, ఎప్పుడు నిండిందో చూసేవాడికి అందదు.

ఇప్పుడు రాత్రంతా ఆడే ఆటలు తక్కువ. నిమ్మలకుంట కుటుంబాలు ఎక్కువగా దీపాల గుమ్మటాలు, గోడ పటాలు, తలుపు బొమ్మలు చేసి అమ్ముకుంటున్నాయి. నెమళ్లు, చెట్లు, దశావతారాలు బాగా పోతాయి. వాటికి నేనేమీ అడ్డు చెప్పను. ఆ అమ్మకంతోనే ఉలి చేతిలో నిలిచి ఉంది. కానీ ఆ వైపు వెళ్లేవాళ్లు, ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉన్నవాళ్లు, నెమలితో పాటు విరబోసుకున్న జుట్టుతో ద్రౌపదిని కూడా చేయించమని అడగండి. ధర అడిగేముందు ఆ బొమ్మను దీపానికి ఎత్తి పట్టి చూడండి. హారంలో చిల్లుల అంచులు నున్నగా ఉన్నాయా, ఎరుపు లోపలిదాకా ఇంకిందా, జుట్టు నలుపు ఎక్కడైనా పలచబడిందా చూసుకోండి. మంచి పని అయితే పిల్ల గదిలో దీపం ముందు తగిలించి, ఆమె ఎవరో, ఆ రోజు సభలో ఏం చెప్పిందో మీరే చెప్పండి.