అభిరుచియు, వంటయింటి పొగయు

మన గృహములలో నలుగురు చేరినచో మాట పుస్తకము మీదికో, చలనచిత్రము మీదికో, భోజనము మీదికో పోవుట సహజము. ఈ మూడింటియందును మనవారికి అభిమానము మెండు. కాని ఆ యభిమానమును వెల్లడించు తీరులో ఒక తారతమ్యము కలదు. నవలను గూర్చి గంటసేపు వాదింతురు. చిత్రములోని నటుని నడకను అనుకరించి చూపుదురు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు మాత్రము “ఉప్పు చాలలేదు” అనుటతో విమర్శ ముగియును. ఉప్పు చాలినప్పుడు ఆ మాటయు నుండదు. పుస్తకమును మెచ్చువాడు రసజ్ఞుడనిపించుకొనును. చిత్రమును మెచ్చువాడు కళాభిమాని యగును. వంట చేయునామె మాత్రము తన విధిని నిర్వర్తించినదగును. ఈ తారతమ్యము విచారింపదగినది. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. మన సాహిత్యమును మనము చదువు విధమును గూడ ఇది చెఱచుచున్నది.

మొదట మన విమర్శభాషనే పరీక్షింతము. ‘రుచి’ యను మాట నాలుకకును చెల్లును, మనస్సునకును చెల్లును. ‘రసము’ పండులోనిదియు నగును, పద్యములోనిదియు నగును. నాట్యశాస్త్రములో భరతముని రసమననేమో చెప్పవలసివచ్చినప్పుడు వంటనే దృష్టాంతముగ గైకొనెను. నానావిధ వ్యంజనములతో సంస్కరింపబడిన యన్నమును భుజించువారు రుచుల నాస్వాదించి సంతోషించునట్లు, అభినయముతో గూడిన భావములను ప్రేక్షకులు ఆస్వాదింతురని ఆయన వివరించెను. తరువాతి యాలంకారికులు కావ్యశైలులకు ద్రాక్షాపాకమనియు, కదళీపాకమనియు, నారికేళపాకమనియు పేర్లు పెట్టిరి. అనగా వేయేండ్లకు మించి మన విమర్శ వంటయింటినుండి మాటలను అప్పు తెచ్చుకొని బ్రదుకుచున్నది. ఆ యప్పు తీర్చవలెనను తలంపు మాత్రము విమర్శకులలో అంతగా కానరాదు. పాకమను మాట పద్యమునకు చెల్లినప్పుడు పాండిత్యము, బెల్లమునకు చెల్లినప్పుడు పనియు నైనది.

బెల్లపు పాకమందు పాండిత్యము లేదా? అరిసెలు వండు విధమును గమనింపుడు. నానబోసి దంచిన బియ్యపు పిండి తడియారకముందే పాకము సిద్ధము కావలెను. ఉడుకుచున్న పాకమును ఒక చుక్క చన్నీటిలో విడిచి, వ్రేళ్ళతో కూడదీసి చూతురు. అది నీటిలో కరగిపోయినచో ఇంకను లేతది. మెత్తని యుండగా చేరినచో పిండి కలుపవచ్చును. గట్టిపడి మ్రోగినచో అరిసెకు దాటిపోయినది. పాకము లేతదైనచో అరిసె నూనెలో విడిపోవును. ముదిరినచో పంటికి లొంగదు. బెల్లము మారినను, పిండిలోని తడి మారినను ఈ నిర్ణయము మారును. పుస్తకములో వ్రాసియుంచిన కొలత ఇచ్చట సగము దూరమే వచ్చును. తక్కినది కన్నును, వ్రేలును, అనుభవమును నిర్ణయింపవలెను. ఇందులో పరీక్ష యున్నది, కారణము చెప్పుట యున్నది, ఫలమును ముందే యూహించుట యున్నది. ఉత్తమవిమర్శకు వలసిన లక్షణము లివియే కదా! “ఆ నవల బాగున్నది, ఈ చిత్రము బాగులేదు” అని కారణము చెప్పక తీర్పు చెప్పు మనము, విమర్శ యెట్లుండవలెనో అరిసెల పొయ్యివద్ద నేర్చుకొనవలసియున్నది.

ఇక సాహిత్యములో భోజనమును మన మెట్లు చదువుచున్నామో చూతము. 1509 నుండి 1529 వఱకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని ప్రథమాశ్వాసమున, విల్లిపుత్తూరిలోని విష్ణుచిత్తుడు భాగవతులకు ఋతువునుబట్టి భోజనము పెట్టు తీరు వర్ణింపబడినది. వానకాలమున మేలిబియ్యపు అన్నము, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. చలికాలమున మిరియపుపొడితో చేసిన వేడికూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చళ్ళు, పాయసములు. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని యంబలి, చెఱకురసము, లేతకొబ్బరినీరు, నీరుమజ్జిగ. రాయల రసికతకు ఈ పద్యములను ఉదాహరించు వాడుక కలదు. ఆ విందులో మిరపకాయ లేకపోవుటను గమనించి, అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి మూలమున అది మనదేశమునకు వచ్చినదని చెప్పుటయు సత్యమే. నేడు మిరపకాయ లేని తెలుగు భోజనమును మన మూహింపజాలము గనుక ఆ గమనిక విలువగలదే.

కాని వానకాలపు పద్యమున మఱియొక విషయమున్నది. ఎడతెగని జడివానలో కట్టెలు తడిసి పొగయుచుండగా, కంటికి పొగ సోకకుండ కొబ్బరిడొక్కలు రాజవేసి భార్య వండుచుండును. విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టుచుండును. చక్రవర్తియైన కవి రాజప్రాసాదమున గూర్చుండి, ఒక పేదబ్రాహ్మణుని యింటి పొయ్యివద్ద ఒక స్త్రీ కంటికి పొగ తగులునేమో యని ఆలోచించెను! నాకు ఆ పద్యమంతటిలో ఇదియే గొప్ప సంగతిగ తోచుచున్నది. కూరల పట్టికను ఎవరైనను వ్రాయగలరు. పొగను చూచుటకు కవి కావలెను. అయితే పాఠకులమైన మనము ఏమి చేసితిమి? కూరలను లెక్కించితిమి, పొగను విడిచిపెట్టితిమి. ఆ వాక్యనిర్మాణమును గూడ చిత్తగింపుడు: వండినది భార్య, పెట్టిన పుణ్యము భర్తది. కవి యిది దాచలేదు, ఉన్నదున్నట్లు చెప్పెను. ఆ యిల్లాలి పేరును అచ్చట చెప్పలేదన్న లోపము కలదు. కాని చెప్పినదానిని చూడకుండుట కవి లోపము కాదు, మన లోపము.

పద్యమునుండి తెరకు వత్తము. తెలుగువారి చలనచిత్రములలో భోజనమునకు అగ్రపీఠము 1957 లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన మాయాబజారుది. పెండ్లివారికై సిద్ధమైయున్న విందును ఘటోత్కచవేషధారి ఎస్.వి. రంగారావుగారు ఒంటరిగ ఆరగించు దృశ్యము మూడు తరముల పిల్లలను నవ్వించినది. మార్కస్ బార్ట్‌లీగారి ఛాయాగ్రహణచాతుర్యమున లడ్డూలు తమంతట తామే కదలి నోటిలోనికి పోవును. ఆ దృశ్యము నిర్దుష్టమైన హాస్యమనుటకు నాకు సందేహము లేదు. అందులో ఆకలి యొక ఉత్సవము. తినుట యొక విజయము. కాని మన మింతగా ప్రేమించిన ఈ యాహారదృశ్యమునకు ఆధారమైన కల యేమి? వంట కనబడకుండ విందు మాత్రము కనబడుట. భక్ష్యములు తమంతట తాము నడచివచ్చుట. రాక్షసునికి అది మాయ. మన యిండ్లలో అనేకులకు అది నిత్యవిశ్వాసము. విస్తరిలోనికి అన్నము తనంతట తాను వచ్చుననియే వారును తలంచుచుందురు! మాయాబజారును తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. కలను కలగా చూపినందుననే అది సుందరమైనది. కలను గృహధర్మముగ చేసికొన్నవారిదే తప్పు.

ఈ మాయను ఛేదించిన చిత్రము 2021 లో మలయాళమున వచ్చినది. జియో బేబీగారు దర్శకత్వము వహించిన ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ అను ఆ చిత్రమున చెప్పదగిన కథ స్వల్పము. ఒక యువతి చదువుకొన్నవారి యింటికి కోడలుగ వచ్చును. వండును, వడ్డించును, తుడుచును, మరల వండును. మామగారికి కుక్కరులోని అన్నము పనికిరాదు, కట్టెలపొయ్యిమీదిదే కావలెను. యంత్రముతో రుబ్బిన పచ్చడి సరిపడదు, రోటిపచ్చడియే కావలెను. భోజనానంతరము పురుషులు నమలి విడిచిన పిప్పిని బల్లమీదినుండి ఆమెయే యెత్తవలెను. తొట్టిక్రింది గొట్టము కారుచున్నదనియు, పనివానిని పిలువుడనియు ఆమె పలుమాఱులు చెప్పును. భర్త మఱచుచునే యుండును. ఇంటివారు ఆమెను కొట్టరు, గట్టిగ నరవరు, మామగారు మృదుభాషి. ఆ మృదుత్వమే చిత్రమునకు బలము. క్రూరుని చూపినచో ప్రేక్షకుడు “మే మట్టివారము కాము” అని లేచిపోవును. ఇచ్చట అట్లు తప్పించుకొనుటకు వీలులేదు.

ఈ చిత్రములో కళాదృష్టితో మెచ్చదగిన విశేష మొకటి కలదు. ఆరంభమున వంటను అతిమనోహరముగ చూపుదురు. కూరలు తరుగు చప్పుడు, నూనెలో వేగు చప్పుడు, ఆవిరి: ఇవి చూచినవారికి ఆకలి పుట్టును. క్రమక్రమముగ ఆ చప్పుళ్ళే, ఆ గిన్నెలే, ఆ కూరలే తిరిగి తిరిగి వచ్చి ఊపిరాడనీయవు. మాఱినది వంట కాదు. ఎవరు కోరగా, ఎన్నిమాఱులు, ఎవరికొఱకు వండవలెనను నిర్బంధము. ఉపన్యాసములు చెప్పలేని యర్థమును పునరావృత్తియే చెప్పినది. లోపములును లేకపోలేదు. పురుషపాత్రలు రెండును ఒకే మూసలో పోసినట్లుండును. ఆ యువతికి ఏ వంట యిష్టమో, ఏ రుచిని ఆమె తనకై కోరునో చిత్రము చెప్పక విడిచినది. నృత్యమొక్కటే ఆమె అభిరుచిగ నిలిచినది. వంటయందును ఆమెకు స్వేచ్ఛాభిరుచి యుండవచ్చునన్న సంగతిని గూడ చూపియున్నచో వాదము మఱింత పుష్టమై యుండెడిది.

ఇచ్చట కొందఱు ఆక్షేపింతురు: “వంట ప్రేమకు చిహ్నము. తల్లి చేతి పప్పుచారును గంటలతో కొలుచుట యేమి మర్యాద? అందఱకును వండిపెట్టుటయందు ఆనందించు స్త్రీలు లేరా?” అని. ఉన్నారు. ఆ యానందము సత్యమే. దానిని కాదనువారు వంటయింటిని ఎఱుగనివారు. కాని అభిమానమునకును విధికిని భేదమును తెలియజేయు పరీక్ష యొకటి కలదు. నవల విసుగుపుట్టించినచో నూఱవపుటలో మూసివేయవచ్చును. చిత్రము నచ్చనిచో విరామమున లేచి రావచ్చును. అన్నము సగముడికినప్పుడు “నే డిక వల్లకాదు” అని పొయ్యి విడిచి రాగలిగినవా రెందఱు? వచ్చినచో మిగిలిన సగమును ఉడికించువారు ఆ యింట నున్నారా? ఉన్నచో ఆమె వంట అభిరుచి. లేనిచో, ఆమె ఎంత నవ్వుచు వండినను, అది విధి. విధిలోను ప్రేమ యుండవచ్చును గాని, ప్రేమ యున్నదని చెప్పి విధిని ఒకరిమీదనే మోపుట న్యాయము కాదు.

ఈ భార మెంతటిదో ఊహింపనక్కఱలేదు. 2019 లో భారతప్రభుత్వమువారు జరిపిన కాలవినియోగ గణనమున, ఆఱేండ్లు మొదలు పైబడినవారిలో వేతనములేని యింటిపనిలో పాల్గొన్న పురుషులు నూటికి 26 మంది, స్త్రీలు నూటికి 81 మంది. అట్లు పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించిరి. ఇంచుమించు అయిదు గంటలు! ఒక గొప్పనవలను నాలుగుదినములలో ముగించుటకు చాలిన కాలము. గ్యాసుపొయ్యి వచ్చినది, మిక్సీ వచ్చినది, అవి వచ్చినచోట కంటిపొగ తగ్గినది. కాని యంత్రము పొగను తొలగింపగలదు గాని వంతును మార్చజాలదు. దానిని మార్చవలసినవారము మనము.

సంస్కరణోద్యమమునకు ఇచ్చట మిగిలిన పని యున్నది. 1883 లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్త్రీలకై సతీహితబోధిని యను పత్రికను నెలకొల్పిన నాటినుండి, స్త్రీలు చదువవలెనని మన పెద్దలు పోరాడిరి, గెలిచిరి. పుస్తకము వంటయింటి గడపవఱకు వచ్చినది. ఆ గడప దాటి పురుషుడు లోనికి పోవుట మాత్రము పూర్తికాలేదు. ఫలితముగ చదువుకొన్న స్త్రీకి రెండుపనులు, చదువుకొన్న పురుషునికి ఒకపని ఏర్పడినవి. సాయంకాలము కుటుంబమంతయు ఒక చిత్రమును చూచుచుండగా, కథలోని ముఖ్యఘట్టము జరుగునప్పుడు కూరలో నీరు పోయుటకు లేచునది ఎవరు? ఆమె ఆ చిత్రమును గూర్చి మాటాడనిచో “దీనికి సినిమాలయందు అభిరుచి లేదు” అందుము. అభిరుచి లేక కాదు. ముప్పాతిక చిత్రమును చూచినవారు సంపూర్ణమైన యభిప్రాయ మెట్లు చెప్పగలరు?

కావున చదువరులకు నా విన్నపములు మూడు. మొదటిది: ఇంటిలో పుస్తకమును, చిత్రమును, కూరను మెచ్చినప్పుడు కారణము చెప్పి మెచ్చుడు. “పులుసులో బెల్లము తగుమాత్రముగ పడినది, అందుచేత చింతపండు కారము రెండును నిలిచినవి” అని చెప్పువాడు పద్యమును గూర్చియు బాగుగ చెప్పగలడు. రెండవది: ఇంటిలోని పురుషులు, ముఖ్యముగ మగపిల్లలు, పండుగనాటి వినోదముగ గాక వారమునకు నియతముగ కొన్ని పూటల వంట నేర్చి చేయవలెను, పాత్రలు తోముట గూడ అందులో చేరును. మూడవది: గృహిణి చదువుకొను గంట ఇంటి కాలనియమములో భోజనవేళతో సమానముగ నిలువవలెను. ఆ గంటలో ఆమెను పిలువరాదు.

ఇట్లు చేసినచో వంటకు గౌరవము తగ్గునని భయపడనక్కఱలేదు. విడువగల స్వేచ్ఛ యున్నప్పుడే వంట నిజమైన యభిరుచి యగును. అప్పుడే ఆమె అరిసెలపాకమును ద్రాక్షాపాకమువలె మెచ్చుటకు మనకు అర్హత కలుగును. విష్ణుచిత్తుని యింటి పొగను అయిదువందల యేండ్లకు పూర్వము ఒక చక్రవర్తి చూచెను. మన యింటి పొగను చూచుటకు మనకు రాజ్యము అక్కఱలేదు. విస్తరి ముందునుండి లేచి పది యడుగులు నడచిన చాలును.