తిరగబడ్డ భిన్నం

ఎనిమిదో తరగతిలో ఘాతాంకాల పాఠం మొదలైందంటే మా వీధి పిల్లలు సాయంత్రం పూట పుస్తకాలు పట్టుకుని మా అరుగెక్కుతారు. ధన ఘాతాంకాల దాకా వాళ్లకు నాతో పనిలేదు. 'టూ బై త్రీ హోల్ పవర్ మైనస్ టూ' దగ్గర పెన్సిళ్లు ఆగుతాయి. (2/3)⁻² విలువ కొందరికి -4/9 వస్తుంది. ప్రశ్నలో మైనస్ ఉంది గనక జవాబులోనూ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలని వాళ్ల నమ్మకం. ఇంకొందరు -4/3 అంటారు, ఘాతాంకంతో భిన్నాన్ని గుణించేసి. 9/4 అని సరిగ్గా రాసిన పిల్లని "ఎలా వచ్చిందే?" అంటే, "తిరగెయ్యాలి తాతయ్యా, మా సార్ చెప్పారు" అంటుంది.

సార్ చెప్పింది నిజమే. అయినా ఎందుకు తిరగెయ్యాలో తెలియకపోతే పరీక్ష అయిన మర్నాడే ఆ సూత్రం ఎగిరిపోతుంది. అందుకని ఒక వరుస రాయిస్తాను. 2/3కి మూడో ఘాతం 8/27, రెండోది 4/9, ఒకటోది 2/3. ఘాతాంకం ఒకటి తగ్గినప్పుడల్లా విలువను 2/3తో భాగిస్తున్నాం, అంటే 3/2తో హెచ్చిస్తున్నాం. ఆపకుండా అలాగే సాగితే 2/3 తర్వాత 1, ఆ తర్వాత 3/2, 9/4, 27/8. సున్నా ఘాతం ఒకటి ఎందుకైందో, మైనస్ ఒకటి దగ్గర లవహారాలు ఎందుకు తారుమారయ్యాయో ఇక నేను చెప్పక్కర్లేదు. ఘాతాంకం తగ్గుతుంటే విలువ పెరుగుతోందేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. భూమి, అంటే ఘాతాంకం కింద ఉండే సంఖ్య, ఒకటి కన్నా చిన్న ధన సంఖ్య అయితే అంతే మరి. ఘాతాంకం ముందున్న మైనస్ మనం ఈ వరుసలో ఎటు నడవాలో చెబుతుంది. జవాబు ధనమా రుణమా అన్నది భూమి చూసుకుంటుంది: (-2/3)⁻³ విలువ -27/8, అదే (-2/3)⁻² అయితే 9/4. లవంలో సున్నా ఉన్న భిన్నానికి మాత్రం ఈ దారి మూసేసి ఉంటుంది, సున్నాతో భాగించలేం గనక.

లెక్క చేసే వరుసలో నాకో పట్టింపు ఉంది. కొందరు మొదట 1 బై (2/3)² అని రాసి, దాన్ని 1 బై (4/9) చేసి, మూడంతస్తుల భిన్నం కట్టి, ఆనక కూలగొడతారు. తప్పేం లేదు, కానీ ఆ అంతస్తుల మధ్యే గీతలు కలిసిపోయి మార్కులు జారిపోతాయి. ముందు తిరగేసి, మైనస్‌ను వదిలించుకుని, తర్వాత హెచ్చిస్తే చేతికి మట్టంటదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో తరచూ కనిపించే (0.04)⁻¹·⁵ చూడండి. దశాంశాన్ని భిన్నం చేస్తే 1/25, తిరగేస్తే 25, దాని వర్గమూలం 5, ఘనం 125. తిరగెయ్యకుండా దశాంశాలతో కుస్తీ పడితే కాగితం నిండుతుంది.

ఇప్పుడు మనం ఇంత తేలిగ్గా రాసేస్తున్న ఈ గుర్తు కుదురుకోడానికి చాలా కాలమే పట్టింది. ఫ్రాన్సులో నికొలా షుకే 1484లోనే రుణ ఘాతాంకాలు వాడాడు గానీ, ఆయన రాతప్రతి 1880 దాకా అచ్చుకు నోచుకోలేదు. ఘాతాంకాన్ని పైన చిన్న అంకెగా వేసే అలవాటు 1637లో దెకార్త్ పుస్తకంతో స్థిరపడింది. అదీ ధన సంఖ్యలకే. న్యూటన్ 1676లో లైబ్నిజ్‌కు అందేలా ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన ఉత్తరంలో, వర్గాన్నీ ఘనాన్నీ అందరూ ఘాతాంకంతో రాస్తున్నట్టే తాను విలోమాలను మైనస్ ఘాతాంకంతో రాస్తున్నానని చెప్పుకున్నాడు. ఉత్తరంలో అది పక్కమాటగా వచ్చింది. అసలు విషయం ద్విపద సిద్ధాంతం.

ఇదంతా బడి దాటాక ఎందుకు పనికొస్తుందనే వాళ్లకు న్యూక్లియర్ మెడిసిన్ విభాగం చూపిస్తాను. ఎముకల స్కాన్‌కు వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు ఆరు గంటలు. ఆరేసి గంటలకు సగమవుతూ పోతుంది, కాబట్టి భూమి 1/2. మధ్యాహ్నం రెండింటికి రోగికి 20 మిల్లీక్యూరీలు ఎక్కించాలి, మందు పొద్దున్న ఎనిమిదింటికే కొలిచి పెట్టాలి అనుకుందాం. కాలంలో ఒక అర్ధాయువు వెనక్కి నడవాలి: (1/2)⁻¹ అంటే 2, కాబట్టి 40 ఉండాలి. తెల్లవారుజామున రెండింటికే కొలిస్తే (1/2)⁻² అంటే 4, కాబట్టి 80. పదకొండింటికైతే ఘాతాంకం మైనస్ అర, విలువ రెండు వర్గమూలం, కాబట్టి దాదాపు 28. ఎనిమిదింటి లెక్కలో తిరగెయ్యడం మరిచి 40కి బదులు 10 కొలిస్తే, రెండయ్యేసరికి మిగిలేది అయిదే.

క్యాలిక్యులేటర్ ఉందిగా అంటారు. బ్రాకెట్ పెట్టకుండా 2/3 కొట్టి పైన మైనస్ రెండు వేస్తే 18 చూపిస్తుంది. అది ఘాతాన్ని మూడుకే వేసింది. ఒకటిన్నర వర్గం రెండు పైచిలుకే ఉండాలని ముందే తట్టినవాడికే ఆ 18 మీద అనుమానం వస్తుంది.

పిల్లలకు చివర్లో నేనిచ్చే లెక్క (2⁻¹ + 3⁻¹)⁻¹. మైనస్ ఒకట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని చాలామంది 5 రాస్తారు. అప్పుడు పుస్తకం మూయించి వేరే ప్రశ్న వేస్తాను. ఒకడు రెండు రోజుల్లో, ఇంకొకడు మూడు రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి చేస్తే ఎన్నాళ్లు? గ్రూప్ పరీక్షలకు చదివే వాళ్లన్నయ్యల కాలం-పని లెక్కే ఇది. రోజుకు సగమూ మూడోవంతూ కలిపితే 5/6, తిరగేస్తే 6/5 రోజులు. 5 రాసిన కుర్రాణ్ణి మాత్రం వదలను. "ఒరేయ్, ఒక్కడే రెండ్రోజుల్లో తేల్చేసే పనికి ఇద్దరు కలిస్తే అయిదు రోజులు పట్టిందంటే, ఆ రెండోవాడు పని చేస్తున్నాడా, చెడగొడుతున్నాడా?"