తల్లికి నింద, బిడ్డకు శిక్ష: ‘చివరకు మిగిలేది’ విమర్శ

పండితపోషణచే ‘విద్వద్గద్వాల’ యని పేరుపొందిన సీమ మాది. గద్వాల, వనపర్తి సంస్థానముల నీడన పెరిగిన సాహిత్యాభిరుచికి నాయకుడనగా ధీరోదాత్తుడే. కావున బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలను తొలిసారి చదివినప్పుడు, ‘ఈ దయానిధి యేమి నాయకుడు?’ అని పుస్తకము మూసితిని. నా తీర్పు తప్పని ఇప్పుడు తోచుచున్నది.

ఈ నవల 1946-47 ప్రాంతమున ‘నవోదయ’ పత్రికలో ధారావాహికముగా వెలువడెను. దయానిధి చదువుకొన్న వైద్యుడు. తల్లి శీలమును గూర్చి లోకము చెప్పుకొనిన మాటలు వానిని వెన్నాడుచుండును. ఊరు విడిచి రాయలసీమకు పోయినను అవి విడువవు. తల్లి నిజముగా చేసినదేమో రచయిత విచారణకు పెట్టడు. ఈ సంయమము మెచ్చదగినది. దోషము రుజువైనను కాకున్నను, బిడ్డకు పడిన శిక్ష యొక్కటియే గదా!

ఆంగ్లము చదివినవారికి హామ్లెట్ జ్ఞప్తికి వచ్చును. కాని హామ్లెట్ కత్తి దూయుటకు ఒక శత్రువు కలడు. దయానిధికి శత్రువు ఊరి గుసగుస. దానిని పొడుచుట యెట్లు? నాకు కర్ణుడే వీనికి దగ్గరివాడుగా కనబడును. అస్త్రవిద్యా ప్రదర్శనమున కులమడిగినప్పుడు కర్ణుడు తలవంచెను. అంగరాజ్యము లభించినను ఆ ప్రశ్న వానిని విడువలేదు. రాయలసీమలో వజ్రము దొరకి ధనికుడైన దయానిధి స్థితియు నట్టిదే.

లోపమును సైతము చెప్పవలెను. కోమలి, అమృతం, ఇందిర తరచుగా నాయకుని మనస్సునకు అద్దములుగానే నిలుచుచున్నారు. పుట్టింట మిగిలిన భార్య ఇందిర యొంటరితనము వాని యొంటరితనమునకు తీసిపోదు. కథలో దానికి దక్కిన చోటు మాత్రము స్వల్పము. తల్లికి జరిగిన అన్యాయమునకు కుమిలినవాడు భార్య బాధను చూడలేకపోవుట మానవసహజమే. రచయితయైనను ఇంకను చూడవలసియుండెను.

నేను నాగర్‌కర్నూలు ప్రాంతమున ఉపాధ్యాయుడను. ఒకనాడు తరగతిలో పిల్లలు ఒక బాలుని తల్లి పేరెత్తి పరిహసించిరి. ‘ఊరకుండుడు’ అని పాఠము సాగించితిని. మరునాటినుండి ఆ బాలుడు కడపటి బల్లపై ఒంటరిగా కూర్చుండుచుండెను. ఆ తరువాతనే ఈ నవలను మరల తెరచితిని. చివరకు మిగులునది దయ యని గ్రంథము సూచించుచున్నది. ఆ మాట నాయకుని పేరులోనే యున్నది. ఆనాడు ఆ బాలునకు నా నోట రావలసినదియు అదియే. బిడ్డల యెదుట ఇతరుల తల్లులను గూర్చి తీర్పులు చెప్పు పెద్దలును, విని యూరకుండు నావంటి ఉపాధ్యాయులును ఈ నవలను చదువుదురు గాక.