చిన్న సార్ కేకలు

కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో నా కళ్లు బంతి మీద కన్నా గీత అవతల ఉన్న రెండో మనిషి మీదే ఎక్కువగా ఉంటాయి. పీడీ సార్, అంటే ఫిజికల్ డైరెక్టర్, కుర్చీలో కూర్చుంటారు. కాలేజీలో అన్ని ఆటలూ ఆయన నెత్తి మీదే కదా! పక్కనున్న అసిస్టెంట్ కోచ్‌ని పిల్లలు చిన్న సార్ అంటారు. ఆయన తొంభై నిమిషాలూ నిలబడే ఉంటాడు. గొంతు హాఫ్‌టైమ్‌కే పోతుంది.

మా బిజినేపల్లి వైపు కబడ్డీ కూతకు అలవాటుపడ్డ చెవులకు ఆ అరుపులు ఉత్త కోపంలా వినిపిస్తాయి. కాస్త ఆగి వినాలి. "ఏం రా, బంతినే సూస్తున్నవా, మనిషిని ఇడిసిపెట్టి?" అన్నది ఒక్క డిఫెండర్‌కే. బంతినే చూస్తూ వాడు ముందుకు జరగకుండా వెనకే ఉండిపోతే ఆఫ్‌సైడ్ గీత చెడిపోతుంది. మిగతా ముగ్గురి కష్టం వృథా. "ఆడండి రా" అని అరవడం ఎవరైనా చేస్తారు. ఎవరి కాలు ఎప్పుడు బద్ధకిస్తుందో తెలిసినవాడే పేరు పెట్టి అరుస్తాడు. ఆ తెలివి పొద్దుటి ప్రాక్టీసులో వస్తుంది, మ్యాచ్‌లో కాదు.

హైదరాబాద్ కోచ్ రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, ఆటగాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, అలవాటైన కాలు ఊరుకుంటుందా? ఎవరో ఒకరు పక్కనే నిలబడి, తప్పు కాలు తగిలిన ప్రతిసారీ ఆపాలి. ఆ విసుగు పనికే చిన్న సార్ కావాలి.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో రహీం శిక్షణలోని భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది. మరుసటి ఏడాదే రహీం పోయారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు బెనర్జీ ప్రధాన కోచ్ అయితే, ఆయన అసిస్టెంట్ రహీం కొడుకు ఎస్.ఎ. హకీం. తండ్రి శిష్యుడి పక్కన కొడుకు రెండో కుర్చీలో! నాకైతే మన ఫుట్‌బాల్ చరిత్రలో ఇదే అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండీ మైదానంలోకి దిగలేదు. బెంచీ మీద కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆయనకు వేరే చెప్పాలా? 1998లో ఆయన శిక్షణలోనే మహీంద్రా జట్టు ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది.

అరిచేవాళ్లందర్నీ మెచ్చుకోను. అమ్మనాన్నల్ని తిట్టడం, చెంప మీద కొట్టడం శిక్షణ కాదు. పని రానివాడే చెయ్యెత్తుతాడు. నేను మెచ్చే చిన్న సార్ కోపం తప్పు పాస్‌తో మొదలై, సరైన పాస్ పడగానే పోతుంది. ఆ పాస్‌కి అంతే గట్టిగా "శభాష్" అని కూడా అరుస్తాడు.

గెలిచాక మా పేపర్ ఆఫీసుకు ప్రెస్‌నోట్ వస్తుంది. ప్రిన్సిపాల్, పీడీ, జెర్సీలు ఇప్పించిన దాత, ఫొటోకి వచ్చిన నాయకుడు అందరూ ఉంటారు. చిన్న సార్ ఉండడు. ఈసారి నా చేతికి వస్తే, ఫోన్ చేసి ఆ పేరు అడిగి రాయిస్తాను.