ఎవరి ఖాతా, ఎంత అధికారం

ముక్తేశ్వరం రేవులో గౌతమి దాటాలంటే పంటు కోసం కాచుకోవాలి. అదే ఊళ్లో మేడగదిలో కూర్చుని ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్‌లోకి వెళ్లడానికి మాత్రం క్షణం చాలు (క్షణ ముక్తేశ్వరుడి ఊరు కదా!). అలా ఎవరెవరు వెళ్లగలరో ఆరా తీసే అడ్మిన్ పనితనం నాకు ముచ్చటేస్తుంది.

పాస్‌వర్డ్ ఫైలు తెరుస్తాడు. ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస, కోలన్లతో విడదీసిన ఏడు గడులు. అతని కన్ను మూడో గడి మీదే. అక్కడ సున్నా ఉంటే సర్వాధికారి అన్నమాట. రూట్ కాక ఇంకో పేరుకి సున్నా కనబడిందా, చేతిలో టీ పక్కన పెట్టాల్సిందే.

తర్వాత రూట్ అధికారాన్ని అరువిచ్చే సుడో జాబితా, ఆపైన సెట్‌యూఐడీ ఫైళ్లు. మామూలు యూజర్ నడిపినా యజమాని అధికారంతో నడిచే ప్రోగ్రాములవి. ఈ ఉపాయానికి డెనిస్ రిచీ పేర 1979లో పేటెంటే వచ్చింది. పాస్‌వర్డ్ మార్చే కమాండుకి ఆ సెట్‌యూఐడీ గుర్తు ఉండటం సబబే. ఎవరో టెంప్ ఫోల్డర్లో పడేసిన ఫైలుకి ఉంటే అనుమానించాలి.

అసలు నేర్పు ఉద్యోగం మానేసినవాళ్ల దగ్గర తెలుస్తుంది. పాస్‌వర్డ్‌కు తాళం వేసి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. పాస్‌వర్డ్ అవసరం లేని ఎస్‌ఎస్‌హెచ్ కీ మిగిలి ఉంటే మనిషి దర్జాగా లోపలికొస్తాడు. పనిమంతుడు ఖాతా గడువు ముగిస్తాడు, కీలు తీసేస్తాడు, వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనులూ వెతుకుతాడు.

మేనేజర్లూ, మానేసినవాళ్ల జాబితా నెలనెలా అడ్మిన్‌కి పంపండి. అతను అడిగేదాకా ఆగకండి.