తూకానికి అందని ధూళి

ఢిల్లీలోని సరోజినీ నగర్ పేరు చెప్పగానే చౌక బట్టల బజారు గుర్తొస్తుంది. అక్కడే పాత ప్రభుత్వ క్వార్టర్లూ ఉండేవి. ఇలాంటి ఏడు కాలనీలలో 12,970 ఇళ్ళను తొలగించి, సుమారు రెట్టింపు ఇళ్ళు కట్టాలని కేంద్ర మంత్రివర్గం 2016 జులైలో నిర్ణయించింది. 2018లో చెట్ల నరికివేతపై జనం నిరసన తెలిపారు, హైకోర్టు దాన్ని ఆపింది. చెట్టు కంటికి కనిపిస్తుంది కనుక అడిగేవారు దొరికారు. మరి కూల్చివేతలో లేచే ధూళిలో ఏముందో ఎవరడగాలి?

నియమాలే అడగాలి. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు 2016 మార్చిలో వచ్చాయి. పెద్ద ఎత్తున శిథిలాలు వచ్చేచోట వాటిని నాలుగు రకాలుగా వేరు చేయమన్నాయి: కాంక్రీటు; మట్టి; ఉక్కు, కలప, ప్లాస్టిక్కు; ఇటుకలు, గార. మరి దేశమంతటా షెడ్లకూ, వరండాలకూ కప్పిన పాత సిమెంటు రేకు ఎందులోకి వస్తుంది? అందులో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ 2016 నియమాలలో విషపూరిత పారిశ్రామిక పదార్థాలు కలిసిన వ్యర్థాల గురించి ఒక మాట ఉండేది కాని, కూల్చేముందు రాతినార కోసం వెతకమన్న మాట లేకపోయింది.

రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. కోసినా, పగలగొట్టినా సన్నని పోగులు గాలిలోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరితే ఆస్‌బెస్టోసిస్, క్యాన్సర్ వంటి జబ్బులు దశాబ్దాల తర్వాత బయటపడవచ్చు. రాతినారలో అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2009 నాటి జాతీయ వాయు ప్రమాణాల జాబితాలో 12 కాలుష్యకారకాలున్నాయి. రాతినార లేదు. ధూళిని ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని తూస్తాం. రాతినారను మాత్రం సూక్ష్మదర్శినిలో పోగులుగా లెక్కపెట్టాలి. అది తూకానికి అందేది కాదు. ప్రమాదకర వ్యర్థాల నియమాలలో రాతినార ఉంది, అయితే దాని తయారీ ప్రక్రియ కింద. అంటే మన నియమాలు రేకు పుట్టుకను చూశాయి, చావును మరిచాయి.

అమెరికా 1971లోనే రాతినారను ప్రమాదకర వాయు కాలుష్యకారకంగా ప్రకటించి, 1973లో నియమాలు చేసింది. భవనాన్ని కూల్చేముందు తనిఖీ చేయాలి, అధికారులకు తెలపాలి, రాతినార ఉన్న సామగ్రిని తడిపి తీసి, మూసిన సంచుల్లో పారవేయాలి. ఇవేవీ మనకు అసాధ్యమైనవి కావు.

ఖర్చు పెరుగుతుందనేవారు ఉంటారు. సుత్తితో రేకు పగలగొట్టే కూలీ ఊపిరితిత్తుల ఖర్చు ఎవరి పద్దులో రాయాలి? పైగా 2025లో ప్రకటించిన నియమాలు పెద్ద నిర్మాణాలకు శిథిలాల పునర్వినియోగ లక్ష్యాలు పెట్టాయి. రేకు ముక్కలు శిథిలాలతో పాటు మరలో పడితే, ఆ పోగులు కొత్త ఇటుకలోకి చేరతాయి. అందుకే వెతకడం ముందు జరగాలి, కూల్చడం తర్వాత.

మీ బడి షెడ్డు రేకు పగిలితే పొడిగా ఊడ్చకండి. దూరంగా ఉండి పెద్దలకు చెప్పండి, ముక్కలను తడిపి తీయించమనండి. మీ ఊళ్ళో పాత భవనం కూలుస్తున్నప్పుడు, లోపల ఏముందో ముందుగా చూశారా అని అడగండి.