జూన్‌లో రాసుకునే లెక్క

బడులు తెరిచి నెల తిరక్కుండానే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "బేస్‌లైన్ అయిందా మాస్టారూ? టార్గెట్ ఎంత పెట్టారు?" హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల మండల పరిషత్ బడుల్లో పనిచేసేవాళ్లకి ఇది అలవాటైన మాటే. బేస్‌లైన్ అంటే ఇప్పుడు అక్షరాల దగ్గర ఎంతమంది ఉన్నారు, పదాల దగ్గర ఎంతమంది, పేరా చదివేవాళ్లెందరు, కథ చదివేవాళ్లెందరు అన్నది. టార్గెట్ అంటే ఏడాది చివరికి ఎవరు ఎక్కడికి చేరాలన్నది. టీచరు పనితనం మీద మాట వచ్చినప్పుడల్లా ఆ కాగితమే ముందుకొస్తుంది. పిల్లల ఎదుగుదలను బట్టి మా పనిని చూడడం న్యాయమని నేను నమ్ముతాను. అయితే అందరం టార్గెట్ దగ్గరే వాదించుకుంటున్నాం. అసలు విషయమంతా బేస్‌లైన్ దగ్గర ఉంది.

నాలుగో తరగతి పాప ఒకతె ఉంది. వాచకం తీసి ఇస్తే గడగడా చదివేస్తుంది. వినేవాళ్లు కథ గడిలో టిక్కు పెట్టి పక్కవాణ్ణి పిలుస్తారు. అదే పేజీలో మధ్యన ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అంటే ఆగిపోతుంది. పైనుంచి పాఠమంతా లోపల్లోపల గొణుక్కుంటూ ఆ మాట దాకా వచ్చి అప్పుడు చెబుతుంది. పాఠం నోటికి వచ్చు, చదవడం రాదు. కాస్త ఓపిగ్గా కూర్చుంటే ఇంకొకటి తెలిసింది. గుణింతాలు బాగానే వచ్చు, ఒత్తు కనిపిస్తే మాత్రం దాన్ని దాటేసి వెళ్లిపోతుంది. "విద్య" ఆ పాపకి "విద", "పత్రిక" "పతిక".

ఈ సంగతి తెలిశాక "తెలుగులో 20 శాతం అభివృద్ధి" అని రాయబుద్ధి కాదు. "సంక్రాంతి సెలవుల లోపు, తను ఎప్పుడూ చూడని ఐదు వాక్యాలు ఒత్తుల దగ్గర ఆగకుండా చదవాలి" అని రాస్తాం. ఇలా రాస్తే రేపు పొద్దున ఏం చేయాలో కూడా తెలుస్తుంది. జంక్షన్‌లో ఆగే బస్సుల బోర్డులు నల్లబల్ల మీదికి ఎక్కుతాయి: గన్నవరం, మచిలీపట్నం, కొయ్యలగూడెం. రోజూ చూసే ఊళ్ల పేర్లే కాబట్టి ఒత్తు పోతే పాపే పట్టుకుంటుంది, "గనవరం కాదు కదండీ" అని. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలంటోంది. మంచి లక్ష్యం. నోటికొచ్చిన పాఠంతో ఈ పాప ఆ 60 ఎప్పుడో దాటేసి ఉంటుంది. అందుకే ఎంత చదివింది అన్నదానికంటే ఏది ఇచ్చి చదివించాం అన్నది ముందు అడగాలి.

ఇది కొత్త చిక్కేమీ కాదు. ఇంగ్లండులో 1862 నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి, పాసైన పిల్లల్ని బట్టి బడికి డబ్బిచ్చేవారు. మన జిల్లా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఆ దశాబ్దంలోనే రిజల్ట్స్ గ్రాంటు వచ్చింది. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ ఇంగ్లండులో బడుల ఇన్‌స్పెక్టరు. పిల్లలకు నిజంగా చదవడం రాకుండానే పరీక్ష దాటించడం సాధ్యమవుతోందని ఆయన అప్పుడే తన నివేదికల్లో మొత్తుకున్నాడు.

అలాగని డబ్బుతో ముడిపెడితే చదువు చెడిపోతుందని తీర్మానం చేసేయలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అందుకు ఎదురు సాక్ష్యం ఉంది. 2005లో ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి పల్లెటూళ్ల ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. పిల్లల సగటు మార్కులు 5 శాతాన్ని దాటి పెరిగితే, ఆపైన పెరిగిన ఒక్కో శాతానికి టీచరుకు 500 రూపాయల బోనస్. 100 బడుల్లో ఎవరి పిల్లల్ని బట్టి వాళ్లకి, మరో 100 బడుల్లో బడి మొత్తానికి కలిపి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్లకే బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతా బడుల కంటే స్పష్టంగా ముందున్నారు. బట్టీ పట్టి రాయగల ప్రశ్నల్లోనే కాదు, ఆలోచించి రాయాల్సిన వాటిలోనూ. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా పెరిగారు. టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు; వచ్చిన రోజున ఎక్కువ పని చేశారు, అదనపు క్లాసులు తీసుకున్నారు.

ఈ ప్రయోగంలో నన్ను ఆపి ఆలోచింపజేసింది బోనస్ కాదు. జూన్‌లో పరీక్ష పెట్టిందీ, మార్చిలో పెట్టిందీ బయటివాళ్లు. తన బేస్‌లైన్ తనే రాసుకునే పని ఏ టీచరుకీ లేదు. మనం ఇప్పుడు ఆ రెండు పనులూ ఒకే చేతికి ఇచ్చి, పైగా ఆ అంకెతోనే మంచి టీచరు, మామూలు టీచరు అని తేలుద్దామంటున్నాం. అప్పుడు జూన్‌లో పేరా చదివే పిల్లాడు రికార్డులో పదాల దగ్గర ఆగిపోతాడు. ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు, కాస్త భయం ఉంటే చాలు. నష్టం ఆ పిల్లాడికి, ఏడాదంతా తనకి వచ్చిందే చెప్పించుకుంటూ కూర్చుంటాడు.

కాబట్టి దారులు రెండే. ర్యాంకు కోసం, డబ్బు కోసం అయితే కొలిచేది బయటివాళ్లు కావాలి. టీచరు తన పిల్లల కోసం తనే రాసుకున్న లక్ష్యమైతే, దాన్ని ర్యాంకుకి దూరంగా ఉంచాలి. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు వచ్చినప్పుడు "ఎంతమంది చేరారు?" అన్నది చివర అడగొచ్చు. ముందు అడగాల్సింది "ఈ పాపకి ఇదే లక్ష్యం ఎందుకు పెట్టారు? నవంబరులో ఎందుకు మార్చారు?" అని. ఈ రెంటికీ జవాబు చెప్పగలిగిన టీచరుకు పిల్లలు తెలుసు.

సగటు విషయంలోనూ నాకు పేచీ ఉంది. డెల్టాలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు: కాలువకి నీళ్లు వదిలాక ఆయకట్టు లెక్క తీస్తే అంతా తడిసినట్టే ఉంటుంది, శివారు చేను మాత్రం ఎండుతూనే ఉంటుంది. తరగతి సగటు పెంచాలంటే సగం వచ్చినవాళ్లని కాస్త నెడితే సరిపోతుంది. ఒత్తుల దగ్గర ఆగిన పాప దగ్గరికి వెళ్లకపోయినా లెక్క కుదురుతుంది.

ఆ లెక్కలో అసలుకే రానివాళ్లు ఇంకా ఉన్నారు. నూజివీడు వైపు మామిడి తోటల కాపలాకి, ఇటుక బట్టీల పనికి కుటుంబాలు వస్తాయి. వాళ్ల పిల్లలు మాఘమాసంలో చేరి ఎండలు ముదిరేలోపే వెళ్లిపోతారు. బేస్‌లైన్‌కి లేరు, ఎండ్‌లైన్‌కి ఉండరు. ఏ టీచరు టార్గెట్‌లోనూ వాళ్లు లేరు. మన దగ్గర ఉన్న రెండు మూడు నెలల్లోనే అలా వచ్చిన ఒక పిల్లాడు అక్షరాల నుంచి పదాలకి వచ్చి ఉండొచ్చు. అది ఎదుగుదల కాదా? వచ్చిన రోజు ఏం చదవగలిగాడో, వెళ్లే రోజు ఏం చదవగలుగుతున్నాడో ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేతికి ఇద్దాం. పై ఊళ్లో మాస్టారు మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఈసారి కాంప్లెక్స్ మీటింగులో టార్గెట్ల ఫారం నింపేముందు నేను అడగబోయేది ఇదే.